కెమెరా తర్వాత కొనొచ్చు, ముందు జాకీ స్టాండ్లు కొను

గాజువాక తమ్ముడు అడిగింది ఇదీ: ఇంట్లో పన్నెండేళ్ల ఆల్టో ఉంది. ఆయిలు, ఫిల్టర్లు, ప్లగ్గులు తనే మార్చుకుంటాడు. ఉద్యోగం వేరే. కారు పని కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం తెలుగులో వీడియో ఛానల్ పెట్టాలని ఉంది. ఏ కెమెరా కొనాలి, ఏ వీడియోతో మొదలెట్టాలి, డబ్బులు ఎప్పటికి వస్తాయి, అసలు మెకానిక్ కానివాడు చెబితే ఎవరైనా వింటారా? అన్నా అని పిలిచావు కాబట్టి చనువుగా నువ్వు అనే రాస్తున్నా.

నా సంగతి రెండు ముక్కల్లో. మన విశాఖలోనే, కంచరపాలెంలో ఉంటా. షెడ్డులో పని నేర్చినవాణ్ణి కాదు, సొంత మారుతీ 800 మీద చేతులు కాల్చుకుని నేర్చుకున్నవాణ్ణి. ఆరేళ్లుగా ఆదివారాలు వీడియోలు తీస్తున్నా. పెద్ద ఛానలేం కాదు. అయినా చెయ్యకూడని తప్పులు చాలావరకు చేసేశాను కాబట్టి నీకు పనికొస్తాను.

చివరి ప్రశ్నకి ముందు జవాబు. వింటారు. ఆటోనగర్‌లో నాకు తెలిసిన మేస్త్రి ఒకాయన్ని ఒప్పించి, ఎయిర్ ఫిల్టర్ మార్చేటప్పుడు పక్కన కెమెరా పెట్టాను. డబ్బా క్లిప్పులు ఎప్పుడు తీశాడో కెమెరాకి కూడా దొరకలేదు. నెమ్మదిగా చెయ్యమంటే నవ్వి, "ఇందులో సెప్పడానికేటుంది బాబూ, తీసీడమే" అన్నాడు. ఆయన మాట నిజమే. కానీ మొదటిసారి బోనెట్ ఎత్తినవాడికి ఆ క్లిప్పుని పైకి లాగాలా, పక్కకి నొక్కాలా, గట్టిగా లాగితే విరిగిపోతుందా అన్నదే అసలు సమస్య. ఆ భయం నీకింకా గుర్తుంది, మేస్త్రి ఎప్పుడో మర్చిపోయాడు. ప్రతి వీడియోలో మొదటే "నేను మెకానిక్‌ని కాదు, నా కారు నేనే చూసుకుంటా, ఈ పని ఇన్నిసార్లు చేశాను" అని చెప్పేయ్. ఒక్కసారే చేసి ఉంటే ఒక్కసారే అని చెప్పు.

నీ వీడియో చూసేవాణ్ణి ఒకసారి ఊహించుకో. సోఫాలో కూర్చుని చూసేవాడు వేరు. నీకు కావాల్సినవాడు కారు పక్కన నిలబడి ఉంటాడు. ఒక చేతిలో పానా, రెండో చేతికి గ్రీజు, ఫోన్ ఫెండర్ మీద. స్క్రీన్ మీద వేలు పెడితే జిడ్డవుతుంది కాబట్టి మోచేత్తో వెనక్కి జరుపుకుంటాడు. ఆదివారం మధ్యాహ్నం, స్పేర్ పార్ట్స్ షాపు మూసేసి ఉంటుంది, పొద్దున్నే ఆఫీసుకి కారు కావాలి. ఏం తీయాలి, ఎంత పొడుగు తీయాలి, ఏం కొనాలి అన్న ప్రతి సందేహానికీ వీణ్ణి తలుచుకుంటే సమాధానం దొరుకుతుంది. వాడికి డ్రోన్ షాటూ అక్కర్లేదు, నీ పరిచయ సంగీతమూ అక్కర్లేదు. ఏ నట్టు, ఏ నంబర్ పానా, ఎటు తిప్పాలి, ఎంత బిగించాలి. ఇవి కావాలి.

మొదటి వీడియో "కారు స్టార్ట్ అవ్వట్లేదు" మీద తియ్యి. ఎలా తీయాలో కొంచెం విడమరిచి చెప్తా, మిగతావాటికీ ఇదే పద్ధతి.

తాళం తిప్పుతావు. టక్ టక్ టక్ మని శబ్దం, సెల్ఫ్ (ఇంజన్‌ని తిప్పి స్టార్ట్ చేసే మోటారు) తిరగదు. ఇక్కడే కట్ చేసి మాట్లాడటం మొదలెట్టకు. ఆ శబ్దం పది సెకన్లు పూర్తిగా వినిపించు. చూసేవాడు తన కారు శబ్దంతో పోల్చుకునేది అక్కడే. తర్వాత హెడ్‌లైట్లు వేసి, ఎదురుగా గోడ మీద వెలుగు కనిపించేలా ఫోన్ పెట్టి, మళ్లీ తాళం తిప్పు. వెలుగు ఒక్కసారిగా పడిపోతే బ్యాటరీ దిగిపోయి ఉండాలి, లేదా టెర్మినల్ (బ్యాటరీకి వైరు బిగించే కొస) వదులై ఉండాలి. లైటు చెక్కు చెదరకుండా వెలుగుతూ సెల్ఫ్ మాత్రం ఒకే ఒక్క టక్ అని ఊరుకుంటే అనుమానం సెల్ఫ్ మోటార్ వైపు, దాని వైర్ల వైపు వెళ్లాలి. ఈ తేడా నోటితో ఎంత చెప్పినా ఎక్కదు, గోడ మీద వెలుగు చూపిస్తే ఒక్క క్షణంలో ఎక్కుతుంది.

ఇప్పుడు మల్టీమీటర్, అంటే వోల్టులు కొలిచే మీటరు. ఇంజన్ ఆపి కొన్ని గంటలైన కారులో బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.2 దగ్గరుంటే సగమే. సెల్ఫ్ కొట్టేటప్పుడు 10 కంటే బాగా కిందికి జారిపోతుంటే బ్యాటరీకి ఓపిక లేదు. ఇంజన్ ఆన్ అయ్యాక 14 దరిదాపుల్లో ఉంటే బ్యాటరీని ఛార్జ్ చేసే డైనమో పనిచేస్తున్నట్టే. మీటర్ అంకెలు ఒక షాట్, మీటర్ పుల్లలు ఎక్కడ ఆనించావో ఇంకో షాట్. రెండూ ఒకే ఫ్రేములో ఇరికిస్తే రెండూ కనబడవు.

ఆ తర్వాత టెర్మినల్ మీద తెల్లగా, ఆకుపచ్చగా పేరుకున్న పొడి. మన ఊళ్లో ఉక్కకి, ఉప్పుగాలికి కనెక్షన్లు తొందరగా పాడవుతాయి, నీకు వేరే కార్లు వెతుక్కునే పని కూడా ఉండదు. తీసేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ ఆఖర్న. ఎందుకో తప్పక చెప్పు: మైనస్ తగిలి ఉండగా ప్లస్ నట్టు విప్పుతుంటే, పానా రెండో కొస బాడీకి తగిలిందంటే నిప్పులు ఎగురుతాయి. కారణం చెప్పకుండా వరస మాత్రమే చెబితే రెండోసారికి మర్చిపోతారు. వంటసోడా కలిపిన నీళ్లు పోస్తే పొడి బుసబుస పొంగుతుంది, పిల్లలు కూడా చూస్తారు ఆ షాటు. బ్యాటరీ మూతలున్న రకమైతే నీళ్లు లోపలికి పోకుండా చూసుకోమను. బిగించాక మళ్లీ సెల్ఫ్ కొట్టు. స్టార్ట్ అయితే సరే. అవ్వకపోతే అదీ పెట్టు, "నా అంచనా తప్పింది, రేపు బ్యాటరీ షాపులో లోడ్ టెస్ట్ చేయిస్తా" అని ముగించు.

ఈ ఆఖరి మాట ఊరికే అనలేదు. తొలి రోజుల్లో ఆయిలు మార్చే వీడియో తీశాను. డ్రెయిన్ ప్లగ్గు (ఇంజన్ అడుగున పాత ఆయిలు దించే బోల్టు) బిగించేటప్పుడు అతిజాగ్రత్తకి పోయి పానాకి పైపు తొడిగి బిగించా. మర పోయింది. చెయ్యి ఒక్కసారి వదులుగా తిరిగింది చూడు, ఆ అనుభూతి ఇప్పటికీ అరచేతిలో ఉంది. ఓవర్‌సైజు ప్లగ్గు తెచ్చి వేయడానికి మర్నాడు సాయంత్రం అయింది. వీడియోలో మాత్రం అదంతా కత్తిరించేసి, "గట్టిగా బిగించండి" అన్న మాట, తుడుచుకున్న చేతులు, నవ్వు ముఖం పెట్టాను. నెల తిరక్కుండా ఒకాయన రాశాడు, మీరు చెప్పినట్టే గట్టిగా బిగించాను, ఇప్పుడు ఆయిలు కారుతోంది, ఏం చెయ్యాలి అని. మూడు రోజులు సరిగ్గా నిద్ర పట్టలేదు. తర్వాత కత్తిరించిన ముక్కలన్నీ వెతికి, మర పోయిన దగ్గర్నుంచి కొత్త ప్లగ్గు ఎక్కేవరకు మొత్తం పెట్టాను. పాత వాషరు తీసి కొత్తది వేయడం, చేత్తో మర పట్టేదాకా తిప్పడం, అప్పుడే పానా వాడటం, మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్ (ఎంత బలంతో బిగించాలన్న లెక్క) చూసుకోవడం, అన్నీ. ఇప్పటికీ జనం నన్ను గుర్తుపట్టేది ఆ వీడియోతోనే.

కెమెరా సంగతి తొందరగా తేల్చేస్తా. ఇప్పుడున్న ఫోన్ చాలు. బోనెట్ కింద అంతా నలుపు, పక్కనే ఎండ, కాబట్టి ఫోన్ వెలుతురు అంచనా వేయలేక తికమకపడుతుంది. స్క్రీన్ మీద వేలు నొక్కి పట్టుకుని ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ చేసుకో. ఒక రీఛార్జబుల్ ఎల్‌ఈడీ లైటు, వంగే స్టాండు కొనుక్కో. షూటింగ్‌కి ముందు లెన్స్ తుడువు, గ్రీజు వేలిముద్ర పడితే వీడియో అంతా మంచు పట్టినట్టుంటుంది. ఫ్లైట్ మోడ్ పెట్టు. మే నెలలో ఎండలో ఫోన్ వేడెక్కి రికార్డింగ్ దానంతటదే ఆగిపోతుంది, పొద్దున తొమ్మిదిలోపు ముగించుకోవడం మేలు.

డబ్బు పెట్టాలంటే ధ్వని మీద పెట్టు. బొమ్మ కొంచెం మసకగా ఉన్నా జనం సర్దుకుంటారు, మాట వినబడకపోతే వెళ్లిపోతారు. కాలర్ మైకు తప్పనిసరి, దానికి బొచ్చు తొడుగు కూడా. బీచ్ రోడ్డులో కారు ఆపి వెనక సముద్రం కనిపించేలా ఒక వీడియో తీసి మురిసిపోయాను. ఇంటికొచ్చి వింటే గాలి హోరు తప్ప నా మాట ఒక్కటీ లేదు. ఇంకో మాట, కారు రిపేర్లో సగం విద్య చెవిదే. స్టీరింగ్ పూర్తిగా తిప్పి నెమ్మదిగా పోనిస్తే వచ్చే కట కట (చక్రాన్ని తిప్పే డ్రైవ్ షాఫ్ట్ రబ్బరు బూటు చినిగి గ్రీజు పోయి జాయింటు అరిగితే అదే వస్తుంది), బ్రేకు నొక్కినప్పుడు వచ్చే కీచు, ఫ్యాన్ బెల్టు పొద్దున్నే చేసే గోల. ఇవన్నీ గాలి లేని చోట మైకు దగ్గరగా పెట్టి రికార్డు చేసి దాచుకో. ఏడాది తిరిగేసరికి అదో ఖజానా అవుతుంది. అలాగని షెడ్డులో రేడియో మోగుతుండగా తీయకు. ఆ పాట హక్కుదారు వీడియో మీద క్లెయిమ్ వేస్తే ప్రకటనల డబ్బు వాళ్లకి పోతుంది.

ఎక్కడ తీయాలి? గాజువాకలో అపార్ట్‌మెంట్ అయితే ముందు అసోసియేషన్ వాళ్లతో మాట్లాడుకో, నేల మీద ఆయిలు మరక పడితే నీ ఛానల్ కథ అక్కడితో సరి. సెల్లార్‌లో ఇంజన్ ఆన్ చేసి పెట్టి తీయొద్దు, పొగలోని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. రోడ్డు మీద తీస్తే ఇతరుల నంబర్ ప్లేట్లు మసక చెయ్యి. తూర్పు నౌకాదళం ఉన్న ఊరు మనది, ఫొటోలు తీయరాదన్న బోర్డు కనిపిస్తే కారు సంగతి అక్కడ మర్చిపోయి ఫోన్ జేబులో పెట్టేయ్.

ఇప్పుడు శీర్షికలో అన్న జాకీ స్టాండ్లు, అంటే జాకీతో ఎత్తిన కారు బరువుని మోసే ఇనుప స్టాండ్లు. కారుతో వచ్చే జాకీ స్టెప్నీ మార్చడానికే, దాని మీద కారు నిలబెట్టి కిందికి దూరడానికి కాదు. నువ్వు ఒక్కసారి అలా దూరినట్టు వీడియోలో కనిపిస్తే చాలు, ఎక్కడో ఒకడు అలాగే దూరతాడు. వాడికి ఏమైందో నీకు తెలియను కూడా తెలియదు. విశాఖలో ఇంకో తలనొప్పి, సగం వీధులు ఏటవాలు. సీతమ్మధార వైపు మా బంధువుల ఇంటి ముందు చక్రం విప్పబోతే, హ్యాండ్ బ్రేకు వేసి ఉన్నా జాకీ మెల్లగా వాలిపోయింది. విప్పబోయే ముందే స్టెప్నీ కారు అంచు కిందికి తోసి ఉంచాను కాబట్టి కారు దాని మీద కూర్చుంది, నా కాలు మిగిలింది. చదునైన నేల, చక్రాలకి ముందూ వెనకా రాళ్ల అడ్డు, రెండు స్టాండ్లు, వాటి మీద బరువు ఆనాక కారుని ఒకసారి చేత్తో ఊపి చూడటం. ఇదంతా ప్రతి వీడియోలో చూపించు. "ఇంతకుముందు వీడియోలో చెప్పాను" అనొద్దు, చూసేవాడికి ఇదే మొదటి వీడియో.

కొన్ని పనుల జోలికి మొదటి ఏడాది వెళ్లకు. బ్రేకు ప్యాడ్లు ఎంత మిగిలాయో చూడటం చూపించు, మార్చడం వద్దు. ఎయిర్‌బ్యాగ్ వైర్లు, పసుపు కనెక్టర్లు ముట్టుకోవద్దు. సస్పెన్షన్ స్ప్రింగులు, ఏసీ గ్యాసు, పెట్రోలు లైను వద్దు. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో నారింజ రంగు కేబుళ్లు కనబడితే బోనెట్ మూసెయ్యి. వేడి మీద రేడియేటర్ మూత తిప్పడం ఎవరూ చేయకూడదని నువ్వు ఎన్నిసార్లు చెప్పినా ఎక్కువ కాదు. వాడేసిన ఆయిలు కాలవలో పోయొద్దు, మన కాలవలు ఎక్కడికి పోతాయో తెలుసు కదా. డబ్బాలో పట్టి, పాత ఆయిలు తీసుకునే షెడ్డుకి ఇవ్వడం కూడా వీడియోలో ఒక షాటు ఉండాలి.

విషయాలకి కొదవ లేదు, కిటికీ తెరిస్తే కనబడతాయి. కారు కింద నీళ్లు పడుతున్నాయని కంగారుపడేవాళ్లు మన ఉక్కపోతలో ఎంతమందో. రాత్రి కారు కింద అట్టముక్క పరిచి పొద్దున చూడటమే ఒక వీడియో. రంగు లేని నీళ్లయితే ఏసీవి. ఆకుపచ్చో, గులాబీయో, నీలమో అయితే ఇంజన్‌ని చల్లబరిచే కూలెంటు. నల్లటి మరకైతే ఇంజన్ ఆయిలు. చక్రం లోపలివైపు పసుపుగా జిడ్డుగా ఉంటే బ్రేకు ఆయిలు అనుమానించాలి, ఆ కారు బయటికి తీయొద్దు. బీచ్ పక్క కాలనీల్లో ఉండేవాళ్లకి సైలెన్సరు, కింది బాడీ తుప్పు గురించి చెప్పు. అరకు ఘాట్‌కి వెళ్లేముందు ఏం చూసుకోవాలి, దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు పెట్టకుండా చిన్న గేరులో ఎలా రావాలి. తుఫాను సీజన్‌కి ముందు నీళ్లలో మునిగిన కారు గురించి ఒకటి తప్పకుండా తియ్యి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ చూసిన ఊరికి వేరే చెప్పక్కర్లేదు. మునిగిన కారుకి సెల్ఫ్ కొట్టకూడదు. సిలిండర్లలోకి నీళ్లు వెళ్లి ఉంటే పిస్టన్ వాటిని నొక్కలేక కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. లాగించుకుని తీసుకెళ్లడం చవక.

పేర్లు పెట్టేటప్పుడు భాగం పేరు కాదు, జబ్బు పేరు పెట్టు. "స్టార్టర్ సోలినాయిడ్ పనితీరు" అని ఎవరూ వెతకరు. "సెల్ఫ్ తీసుకోవట్లేదు, టక్ టక్ అంటోంది" అని వెతుకుతారు, అదీ చాలామంది ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు కొడతారు కాబట్టి వివరణలో ఆ రూపం కూడా రాసుకో. మాటల్లో షెడ్డు భాషే వాడు: పానా, సెల్ఫ్, డైనమో, ప్లగ్గు. పుస్తకాల తెలుగు కోసం ప్రయాసపడొద్దు. డైనమో అన్నప్పుడు మాత్రం ఒకసారి ఆల్టర్నేటర్ అని కూడా చెప్పు, షాపులో బిల్లు మీద ఆ పేరే ఉంటుంది. వివరణలో టైం వారీగా చాప్టర్లు పెట్టు, 0:00 తో మొదలవ్వాలి. జిడ్డు చేత్తో వెతుక్కునేవాడికి అదే పెద్ద సాయం.

డబ్బులు. యూట్యూబ్‌లో ప్రకటనల వాటా రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, గడిచిన 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ ఉండాలి. లేదా షార్ట్స్ మీద 90 రోజుల్లో కోటి వ్యూలు. షార్ట్స్ ఫీడ్‌లో చూసిన సమయం ఆ 4,000 గంటల్లోకి రాదు. లెక్క వేసుకో: 4,000 గంటలంటే 2,40,000 నిమిషాలు. మనిషికి సగటున నాలుగు నిమిషాలు చూస్తారనుకుంటే 60,000 సార్లు చూడాలి. అది దాటాక పెద్ద వీడియోల ప్రకటనల్లో 55 శాతం నీకు వస్తుంది, 100 డాలర్లు పోగయ్యేదాకా చేతికి రాదు. నాకు మొదటి చెల్లింపు వచ్చేసరికి రెండేళ్లు దాటింది, దాంతో ఒక బ్యాటరీ వచ్చింది. 8 నిమిషాలు దాటితే మధ్యలో ప్రకటనలు పెట్టుకోవచ్చు కదా అని అయిదు నిమిషాల పనిని సాగదీయకు, కారు పక్కన నిలబడ్డవాడు నిన్ను తిట్టుకుంటాడు.

ఛానల్ కాస్త పెరగ్గానే ఫోన్లు మొదలవుతాయి. ట్యాంకులో ఈ సీసా పోస్తే మైలేజీ పెరుగుతుంది, మీరు వాడినట్టు చెప్పండి చాలు అంటారు. నేను మూడుసార్లు కాదన్నాను, నాలుగోసారి ఫోనే ఎత్తలేదు. నిజంగా వాడే పానాల సెట్టుకో, మల్టీమీటరుకో డబ్బు తీసుకుంటే తప్పు లేదు. యూట్యూబ్‌లో పెయిడ్ ప్రమోషన్ గడి టిక్ చేసి, వీడియో మొదట్లో నోటితో కూడా చెప్పు.

కామెంట్లలో "అన్నా నా కారు వణుకుతోంది, ఏమై ఉంటుంది" అని రోజూ వస్తాయి. వెంటనే పార్టు పేరు చెప్పకు. నిలబడి ఉన్నప్పుడా, వేగంలోనా, బ్రేకు నొక్కినప్పుడా అని అడుగు. సగంమంది జవాబు వెతుక్కునే క్రమంలో వాళ్లే కనుక్కుంటారు. బ్రేకు, స్టీరింగ్ విషయమైతే నడపొద్దు, షెడ్డుకి వెళ్లు అని రాయి. వీడియోలో నీ తప్పు ఎవరైనా పట్టుకుంటే వాదించకు, పైన పిన్ చేసి సరిదిద్దు. ప్రాణం మీదికి వచ్చే తప్పయితే వ్యూలు ఎన్నున్నా తీసేయ్.

నెలకి రెండు వీడియోలు చాలు. ఉద్యోగం చేస్తూ వారానికి మూడు అని మొదలెట్టినవాళ్లు దసరాకి మొదలెట్టి సంక్రాంతికి ఆపేయడం చూశాను. ఎడిటింగ్‌కి ఫోన్లో ఇన్‌షాట్ లాంటి యాప్ సరిపోతుంది, మంచి కంప్యూటర్ ఉంటే డావిన్సీ రిజాల్వ్ ఉచితంగానే దొరుకుతుంది.

నీ ఆల్టో బ్యాటరీ టెర్మినల్స్ మీద ఇప్పుడు తెల్లపొడి ఉంటే తుడిచెయ్యకు. ముందు ఫోన్ ఛార్జింగ్ పెట్టు.